హిఫ్-1 ఆల్ఫా: ఒక శాతం ఆక్సిజన్‌లో 6 గంటలు ఉంచినా బ్లాట్‌లో బ్యాండ్ తేడా లేదు

కణశాల (ప్రశ్న):

హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) ఆక్సిజన్ తగ్గినప్పుడు హిఫ్-1 ఆల్ఫా (ఆక్సిజన్ కొరతలో ఇతర జన్యువులను లేపే ప్రోటీన్) పెరుగుతుందని వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో బరువు వారీగా విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చూపించాలి. పద్ధతి ఇదీ: ఆరు గుంటల ప్లేటులో గుంటకు 3 లక్షల కణాలు. మర్నాడు 2 మిల్లీలీటర్ల తాజా డీఎంఈఎం మీడియా పోసి, 1 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతా నైట్రోజన్ ఉన్న చాంబర్‌లో 6 గంటలు. బయటికి తీశాక ట్రిప్సిన్ (కణాలను ప్లేటు నుంచి ఊడదీసే ఎంజైమ్) 5 నిమిషాలు, సెంట్రిఫ్యూజ్, పీబీఎస్‌తో ఒక కడుగు. తర్వాత రిపా బఫర్‌లో (కణాలను కరిగించే డిటర్జెంట్ ద్రావణం) ఐస్ మీద 30 నిమిషాలు, 14,000 జీ దగ్గర 15 నిమిషాలు తిప్పి పైద్రవం తీసుకోవడం. 10 శాతం జెల్, లేనుకు 20 మైక్రోగ్రాముల ప్రోటీన్.

ప్రోటీన్ బరువు 93 కిలోడాల్టన్లని డేటాబేస్‌లో ఉంది. 95 దగ్గర బ్యాండ్ వస్తోంది, కానీ మామూలు గాలిలో ఉంచిన లేనులోనూ, తక్కువ ఆక్సిజన్ లేనులోనూ అది ఒకేలా ఉంది. క్యూపీసీఆర్‌లో (ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే పద్ధతి) ఈ ప్రోటీన్ జన్యువైన హెచ్‌ఐఎఫ్1ఏ ఆర్‌ఎన్‌ఏ కూడా పెరగలేదు. హిఫ్-1 లేపే జన్యువు వీఈజీఎఫ్‌ఏ అయితే, మారదనుకునే జీఏపీడీహెచ్ జన్యువుతో సరిచూస్తే, 1.3 రెట్లు మాత్రమే. లోపం చాంబర్‌లోనా, యాంటీబాడీలోనా? ముందు ఏది పరీక్షించాలి?

బ్లాట్‌బల్ల:

ముందు పరీక్షించాల్సింది చాంబర్ కాదండి, యాంటీబాడీ కూడా కాదు. చాంబర్ తలుపు తీసిన క్షణం నుంచి కణాలు డిటర్జెంట్‌లో కరిగేదాకా గడిచే సమయం. మీ ప్రోటీన్ అక్కడే పోతోంది.

హిఫ్-1 ఆల్ఫా అన్ని వేళలా తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ ఉంటే పీహెచ్‌డీ2 అనే ఎంజైమ్ దాని 402వ, 564వ ప్రోలీన్ల మీద హైడ్రాక్సిల్ గుంపు పెడుతుంది. ఆ గుర్తు చూసి వీహెచ్‌ఎల్ ప్రోటీన్ పట్టుకుంటుంది, యుబిక్విటిన్ తగిలిస్తుంది, ప్రోటియసోమ్ నమిలేస్తుంది. మళ్లీ గాలి తగిలాక దీని అర్ధాయువు 5 నిమిషాల లోపే. 5 నిమిషాలనే అనుకుని లెక్క వేయండి: 15 నిమిషాలకు మిగిలేది ఎనిమిదో వంతు, 30 నిమిషాలకు అరవై నాలుగో వంతు. మీరు 37 డిగ్రీల ట్రిప్సిన్‌లో 5 నిమిషాలు ఉంచారు, మీడియాతో ఆపారు, తిప్పారు, కడిగారు. రిపా తగిలే సమయానికే పావుగంట దాటి ఉంటుంది. ఐస్ మీద ఈ వేగం తగ్గుతుంది గానీ, వేడి ట్రిప్సిన్‌లో జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయింది. ఈ ప్రోటీన్ పనిలో ట్రిప్సిన్ అసలు వద్దు. ప్లేటులోనే కరిగించాలి.

రిపాతో ఇంకో చిక్కుంది. హిఫ్-1 ఆల్ఫా ఉండేది కేంద్రకంలో, డీఎన్‌ఏకు అతుక్కుని. మృదువైన డిటర్జెంట్‌లో క్రోమాటిన్ ముద్దగా మిగిలిపోతుంది, మీరు 14,000 జీ దగ్గర తిప్పగానే అది అడుక్కి పోతుంది, దానితో పాటు మీ ప్రోటీన్‌లో కొంత భాగం కూడా. మీరు పారేస్తున్న ఆ ముద్దలోనే బ్యాండ్ ఉండవచ్చు.

ఇలా చేసి చూడండి. లైసిస్ బఫర్: 2 శాతం ఎస్‌డీఎస్, 62.5 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 6.8, 10 శాతం గ్లిసరాల్. ఇందులో డీటీటీ, రంగు ఇప్పుడే కలపకండి, బీసీఏ (ప్రోటీన్ మోతాదు) కొలతను రెండూ చెడగొడతాయి. ఎస్‌డీఎస్‌ను మాత్రం బీసీఏ 5 శాతం దాకా తట్టుకుంటుంది. బఫర్‌ను 95 డిగ్రీల బ్లాక్‌లో వేడిగా సిద్ధం పెట్టుకోండి. ప్లేటు బయటికి రాగానే మీడియా పూర్తిగా లాగేసి, గుంటకు 150 మైక్రోలీటర్ల వేడి బఫర్ పోసి, వెంటనే గీకి ట్యూబులోకి తీయండి. 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉడికించండి. డీఎన్‌ఏ జిగురుగా సాగుతుంది. 25 గేజ్ సూదితో పది సార్లు లాగి వదలండి, లేదా క్లుప్తంగా సోనికేట్ చేయండి. ఆ తర్వాత కొలత, దాని తర్వాతే డీటీటీ, రంగు. తలుపు తీయడం నుంచి వేడి బఫర్ పోయడం దాకా ఒక నిమిషం దాటనివ్వకండి. ఆరు గుంటలనూ ఒకేసారి బయటికి తెచ్చి ఒక్కొక్కటిగా గీకితే ఆరో గుంట మొదటి దానికంటే ఆలస్యమవుతుంది. ఆ తేడా నేరుగా బ్యాండ్ మందంలో కనబడుతుంది. అందుకే సమయాల వరుస పోల్చే ప్రయోగాల్లో ఒక్కో సమయానికి ఒక్కో చిన్న ప్లేటు పెట్టుకోవడం మేలు.

కడగకుండా కుదరదంటే, ఐస్ మీద చల్లబరచిన పీబీఎస్‌లో 100 మైక్రోమోలార్ డెస్ఫెరాక్సమీన్ లేదా 1 మిల్లీమోలార్ డీఎంఓజీ కలిపి కడగండి. మొదటిది పీహెచ్‌డీ2కు కావలసిన ఇనుమును పట్టేసుకుంటుంది. రెండోది 2-ఆక్సోగ్లుటరేట్ చోటులో కూర్చుని ఎంజైమ్‌ను ఆపుతుంది. కోబాల్ట్ క్లోరైడ్ కూడా పీహెచ్‌డీ2ను ఆపుతుంది, అయినా దాన్ని ఇక్కడ కలుపుదామని మాత్రం అనుకోకండి, పీబీఎస్‌లోని ఫాస్ఫేట్‌తో కలిసి అది అవక్షేపంగా దిగుతుంది.

ఎస్‌డీఎస్ బదులు యూరియా బఫర్ కూడా ఈ ప్రోటీన్‌కు బాగా నడుస్తుంది: 8 మోలార్ యూరియా, 10 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 6.8, 10 శాతం గ్లిసరాల్, 1 శాతం ఎస్‌డీఎస్, 5 మిల్లీమోలార్ డీటీటీ. దీన్ని 95 డిగ్రీలకు వేడి చేయకూడదు. వేడికి యూరియా సైనేట్‌గా మారి లైసీన్లను కార్బమైలేట్ చేస్తుంది. గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, సూదితో గానీ సోనికేషన్‌తో గానీ డీఎన్‌ఏ విరిచేయండి.

ఇక బరువు సంగతి. 826 అమైనో ఆమ్లాలకు లెక్క ప్రకారం సుమారు 93 కిలోడాల్టన్లు సరే, కానీ జెల్‌లో ఇది 110 నుంచి 120 మధ్య పరుగెత్తుతుంది. అక్కడ ఒక సన్నటి గీత కాకుండా, కాస్త చెదిరిన మందపాటి బ్యాండ్ రావడం సహజం. 95 దగ్గర రెండు లేన్లలో సమానంగా వచ్చేది మీ ప్రోటీన్ కాదని దాదాపు ఖాయం. చాలా యాంటీబాడీలు అక్కడ ఒక తప్పుడు బ్యాండ్ ఇస్తాయి. 10 శాతం జెల్‌లో 95, 115 మరీ దగ్గరగా నిలబడతాయి. 7.5 శాతం జెల్ పోసి, 50 మార్కర్ దాదాపు అడుగుకు చేరేదాకా నడపండి. లేనుకు 40 మైక్రోగ్రాములు వేయండి, 20 ఈ ప్రోటీన్‌కు తక్కువే. 0.45 మైక్రాన్ల పీవీడీఎఫ్ పొర, తడి ట్రాన్స్‌ఫర్, చల్లగా ఉంచి 100 వోల్టుల దగ్గర 90 నిమిషాలు, బఫర్‌లో మిథనాల్ 10 శాతం. పెద్ద ప్రోటీన్లు 20 శాతం మిథనాల్‌లో జెల్ వదిలి రావడానికి మొరాయిస్తాయి.

ప్రతి బ్లాట్‌లో రెండు నియంత్రణ లేన్లు ఉండాల్సిందే. ఒకటి, కోబాల్ట్ గానీ డీఎంఓజీ గానీ పెట్టిన మామూలు గాలి కణాలు. ఇందులో బ్యాండ్ వచ్చి చాంబర్ లేనులో రాకపోతే లైసిస్, జెల్, యాంటీబాడీ బాగున్నట్టు, లోపం ఆక్సిజన్ దగ్గర ఉన్నట్టు. రెండోది, హెచ్‌ఐఎఫ్1ఏకు సైఆర్‌ఎన్‌ఏ (ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏను నాశనం చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ) పెట్టి తక్కువ ఆక్సిజన్‌లో ఉంచిన కణాలు. ఇందులో పోయే బ్యాండే అసలైనది. వేర్వేరు వరుసలున్న రెండు సైఆర్‌ఎన్‌ఏలు వాడితే సందేహానికి తావుండదు.

జన్యుపటం:

బ్లాట్ సంగతి పై జవాబులో ఉంది కాబట్టి జన్యువు వైపు చెప్తాను. మీ క్యూపీసీఆర్ ఫలితాన్ని మీరు వైఫల్యంగా చదువుతున్నారు. హెచ్‌ఐఎఫ్1ఏ ఆర్‌ఎన్‌ఏ పెరగకపోవడమే సరైన ఫలితం. ఈ జన్యువును ఆక్సిజన్ నియంత్రించేది ప్రోటీన్ నిలకడ దగ్గర, లిప్యంతరీకరణ (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ రాయడం) దగ్గర కాదు. పైగా ఎక్కువ గంటలు ఉంచితే కొన్ని కణాల్లో ఈ ఆర్‌ఎన్‌ఏ తగ్గుతుంది కూడా. జన్యువు 3 ప్రైమ్ కొస నుంచి ఎదురు దిశలో రాయబడే యాంటీసెన్స్ ఆర్‌ఎన్‌ఏ ఒకటి తక్కువ ఆక్సిజన్‌లో పెరిగి దీన్ని అస్థిరపరుస్తుంది. కాబట్టి హిఫ్-1 చురుకుగా ఉందని చెప్పడానికి హెచ్‌ఐఎఫ్1ఏ ప్రైమర్లు పనికిరావు. దానికి లక్ష్య జన్యువులు కొలవాలి. హెచ్‌ఐఎఫ్1ఏ ప్రైమర్లకు సరైన ఉపయోగం ఒక్కటే, సైఆర్‌ఎన్‌ఏ ఎంత బాగా పనిచేసిందో చూడటం.

మీ 1.3 రెట్ల వెనక ఉన్నది జీఏపీడీహెచ్. గ్లైకోలైసిస్ జన్యువులు హిఫ్-1 లక్ష్యాలు, అందులో జీఏపీడీహెచ్ కూడా ఒకటి. హైపాక్సియాలో (ఆక్సిజన్ కొరతలో) అదే పెరుగుతుంటే, దానితో భాగించిన ప్రతి లక్ష్యమూ తగ్గినట్టు కనబడుతుంది. వీఈజీఎఫ్‌ఏ నిజంగా 3 రెట్లు పెరిగి, జీఏపీడీహెచ్ 2.3 రెట్లు పెరిగితే మీకు కనబడేది సరిగ్గా ఆ 1.3. బీటా యాక్టిన్ కూడా ఈ స్థితిలో పూర్తిగా నమ్మదగినది కాదు. ఆర్‌పీఎల్‌పీ0, టీబీపీ రెండూ కలిపి వాడండి. అంతకు ముందు ఒక చిన్న పరీక్ష: రెండు స్థితుల నుంచి సమానంగా 1 మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏ తీసుకుని సీడీఎన్‌ఏ చేసి, రిఫరెన్స్ జన్యువుల సీటీ విలువలు (సంకేతం కనబడే సైకిల్ సంఖ్య) నేరుగా పోల్చండి. తేడా అర సైకిల్ లోపు ఉంటేనే వాడండి. బ్లాట్‌లో కూడా జీఏపీడీహెచ్‌ను లోడింగ్ కంట్రోల్‌గా పెట్టకండి. ఆల్ఫాతో జతకట్టే హిఫ్-1 బీటా, అంటే ఏఆర్‌ఎన్‌టీ, ఆక్సిజన్‌తో మారదు. దానిది 789 అమైనో ఆమ్లాలు, బ్యాండ్ 90 నుంచి 95 మధ్య వస్తుంది. ఆల్ఫా ఎక్కడ పనిచేస్తుందో ఇదీ అక్కడే ఉంటుంది కాబట్టి కేంద్రక సారానికి సహజమైన కొలబద్ద. అయితే మీ తప్పుడు బ్యాండ్ ఉన్న చోటే వస్తుంది కనుక ఆ పొరనే మళ్లీ వాడకుండా ఇంకో పొర మీద వేయండి.

లక్ష్యాల ఎంపికలో ఒక జాగ్రత్త. వీఈజీఎఫ్‌ఏ, ఎస్‌ఎల్‌సీ2ఏ1 లాంటివి హిఫ్-1కూ దాని సోదర ప్రోటీన్ హిఫ్-2కూ ఉమ్మడివి. మీరు మాట్లాడాలనుకుంటున్నది హిఫ్-1 గురించే అయితే సీఏ9, పీడీకే1, బీఎన్‌ఐపీ3 తీసుకోండి. సీఏ9 మామూలు గాలిలో దాదాపు మౌనంగా ఉండి హైపాక్సియాలో ఎన్నో రెట్లు లేస్తుంది, అందుకే సంకేతం స్పష్టంగా ఉంటుంది. కాకపోతే కణాలు గుంపుగా నిండితే మామూలు గాలిలోనే లేస్తుంది. ప్రోటీన్‌కు 4 నుంచి 6 గంటలు చాలు, ఆర్‌ఎన్‌ఏకు 16 గంటలు ఇవ్వండి.

యాంటీబాడీ, ప్రైమర్లు కొనేముందు జన్యువు నిర్మాణం ఒకసారి చూసుకోవడం అవసరం. 14వ క్రోమోజోమ్ పొడుగు భుజం మీద, 14క్యూ23.2 దగ్గర, 15 ఎక్సాన్లతో (చివరి ఆర్‌ఎన్‌ఏలో మిగిలే ముక్కలు) ఉంది. ప్రధాన ప్రతి (రూపం) 826 అమైనో ఆమ్లాలది. 14వ ఎక్సాన్ లేకుండా కత్తిరించబడిన ప్రతి ఒకటుంది, దాని చదువు చట్రం మారి 735 దగ్గర ముగుస్తుంది. చివర ఉండాల్సిన క్రియాశీలక భాగం దానికి ఉండదు. మొదటి ఎక్సాన్ వేరుగా ఉన్న 850 అమైనో ఆమ్లాల ప్రతి కూడా ఉంది. అంటే కొస 40 అమైనో ఆమ్లాల మీద తయారైన యాంటీబాడీ పొట్టి ప్రతిని చూడదు. మధ్య భాగం మీద తయారైనది చూస్తుంది, అప్పుడు ప్రధాన బ్యాండ్ కింద ఇంకోటి కనబడవచ్చు. అది మాత్రం ఆక్సిజన్ తగ్గితేనే పెరుగుతుంది, ఎందుకంటే ఆ రెండు ప్రోలీన్లూ దానిలోనూ ఉన్నాయి. మీ 95 బ్యాండ్ మారడం లేదు కనుక అది ఇది కాదు.

కణశాల:

చాలా స్పష్టంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో మూడు సంగతులు అడగాలి. కోబాల్ట్‌తోనే బ్యాండ్ వస్తే చాంబర్ లేకుండా మొత్తం పని కోబాల్ట్‌తో చేసేయొచ్చా? ఏ మోతాదు? 564వ ప్రోలీన్ మీద హైడ్రాక్సిల్‌ను చూసే యాంటీబాడీ ఉందట, అది కొనడం దండగా? ప్లాస్మిడ్‌తో (జన్యువును కణంలోకి మోసే డీఎన్‌ఏ వలయం) హిఫ్-1 ఆల్ఫాను మామూలు గాలిలోనే ఎక్కువగా చేయించాలంటే సహజ రూపం సరిపోతుందా?

వాయుపొర:

కోబాల్ట్ గురించి నేను చెప్తాను, చాంబర్ గురించి కూడా. అక్కడ ఎవరూ చూడని తప్పు ఒకటి ఉంది.

కోబాల్ట్ క్లోరైడ్ మోతాదు 100 నుంచి 200 మైక్రోమోలార్, 4 నుంచి 6 గంటలు. సీసాలో ఉన్నది సాధారణంగా ఆరు నీటి అణువులున్న లవణం, అణుభారం 237.9. నీరులేని రూపం 129.8. చీటీ చూడకుండా తూస్తే మోతాదు దాదాపు రెట్టింపు లేదా సగం అవుతుంది. 25 మిల్లీమోలార్ స్టాక్ కావాలంటే ఆరు నీళ్ల లవణం 59.5 మిల్లీగ్రాములు 10 మిల్లీలీటర్ల శుద్ధమైన నీటిలో కరిగించి, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టండి. 2 మిల్లీలీటర్ల మీడియాకు 12 మైక్రోలీటర్లు వేస్తే 150 మైక్రోమోలార్. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, పొడి తూచేటప్పుడు ఎగరనివ్వకండి, ఇది విషపదార్థం. కోబాల్ట్ పనిచేయకపోతే మీడియాలో విటమిన్ సీ ఉందేమో చూడండి. డీఎంఈఎంలో అది లేదు, ఆల్ఫా ఎంఈఎంలో లీటరుకు 50 మిల్లీగ్రాములు ఉంటుంది. పీహెచ్‌డీ ఎంజైమ్‌లలో ఇనుమును పనిచేసే స్థితిలో నిలబెట్టేది అదే కాబట్టి కోబాల్ట్ ప్రభావాన్ని చాలావరకు తుడిచేస్తుంది.

కానీ కోబాల్ట్‌ను హైపాక్సియాకు బదులుగా పెట్టి తీర్మానాలు చేయడం నాకు సమ్మతం కాదు. హిఫ్ నిలబడటం ఆక్సిజన్ కొరతకు కణం ఇచ్చే జవాబులో ఒక ముక్క మాత్రమే. కోబాల్ట్ పెట్టిన కణానికి శ్వాసక్రియకు కావలసిన ఆక్సిజన్ పుష్కలంగా ఉంది. పైగా కోబాల్ట్ సొంతంగా ఆక్సీకరణ ఒత్తిడి తెస్తుంది, 24 గంటలు దాటితే కణాలు చావడం మొదలుపెడతాయి. ఆ చావును హిఫ్ ఖాతాలో రాయడం పొరపాటు. బ్లాట్‌కు నియంత్రణ లేనుగా వాడండి, అంతవరకే. రసాయనంతోనే నడపాల్సి వస్తే డీఎంఓజీ 1 మిల్లీమోలార్ గానీ, పీహెచ్‌డీని ఆపే రోక్సాడుస్టాట్ 50 నుంచి 100 మైక్రోమోలార్ గానీ నయం. డెస్ఫెరాక్సమీన్ కణంలోకి నెమ్మదిగా వెళ్తుంది, దానికి రాత్రంతా ఇవ్వాలి. ఎంజీ132 10 మైక్రోమోలార్ 4 గంటలు పెడితే ప్రోటియసోమ్ ఆగి హిఫ్-1 ఆల్ఫా పోగవుతుంది, కానీ యుబిక్విటిన్ తగిలిన రూపాలు కలిసి పైకి మెట్లుమెట్లుగా, చెదిరినట్టు కనబడుతుంది. ఆ బ్యాండ్ చూసి ప్రోటీన్ పనిచేస్తోందని అనుకోకండి. ఎఫ్‌ఐహెచ్ అనే ఇంకో ఎంజైమ్ 803వ ఆస్పరజీన్ మీద హైడ్రాక్సిల్ పెట్టి జన్యువులను లేపడానికి తోడ్పడే పీ300 ప్రోటీన్‌తో కలవనివ్వదు, ఎంజీ132 దాన్ని ఆపదు.

ఇప్పుడు చాంబర్. మీటర్ మీద 1 శాతం అని ఉన్నది గాలిలోని ఆక్సిజన్, కణాలకు తగిలేది మీడియా అడుగున ఉన్నది. 37 డిగ్రీల దగ్గర గాలితో సమతూకంలో ఉన్న మీడియాలో లీటరుకు సుమారు 200 మైక్రోమోళ్ల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. అది బయటికి పోవాలి. ఆరు గుంటల ప్లేటులో గుంట వైశాల్యం సుమారు 9.6 చదరపు సెంటీమీటర్లు, 2 మిల్లీలీటర్లంటే 2 మిల్లీమీటర్ల పైచిలుకు లోతు. దానికి తోడు పాలిస్టిరీన్ ప్లాస్టిక్కే ఆక్సిజన్‌ను పట్టుకుని మెల్లగా వదులుతుంది. కణాల దగ్గర నిజంగా 1 శాతానికి దిగడానికి ఒకటి నుంచి మూడు గంటలు పట్టవచ్చు. మీ 6 గంటల్లో సగం అలా పోయిందంటే ఆశ్చర్యం లేదు. నివారణ సులువు. మీడియాను వెడల్పాటి పాత్రలో పల్చగా పోసి, మూత వదులుగా పెట్టి ముందురాత్రే చాంబర్‌లో ఉంచండి. చాంబర్ లోపలే చేతులు పెట్టే ఏర్పాటు ఉంటే అక్కడే పాత మీడియా తీసి 1 మిల్లీలీటరు ఇది పోయండి. లేకుంటే మీడియా లోతైనా తగ్గించండి. మూసి గ్యాస్ పట్టించే డబ్బా అయితే నిమిషానికి 20 లీటర్ల చొప్పున 5 నిమిషాలు పట్టించి, గంట తర్వాత మళ్లీ ఒకసారి పట్టించండి, మీడియా నుంచి, ప్లాస్టిక్ నుంచి వెలువడిన ఆక్సిజన్ ఆ రెండోసారికి బయటికి పోతుంది. డబ్బాలో నీళ్లున్న చిన్న డిష్ పెట్టడం మరవకండి, ఎండిన గ్యాస్ మీడియాను ఆవిరి చేసి లవణాల గాఢత పెంచుతుంది.

కణాల సాంద్రత ఇంతకంటే పెద్ద విషయం. కణాలు ఆక్సిజన్ తింటాయి. పలచగా ఉన్న గుంటలో అడుగున 1 శాతం ఉంటే, నిండిపోయిన గుంటలో దాదాపు సున్నాకు పడిపోవచ్చు. నిండిన గుంటలో మీడియా లోతుగా ఉంటే మామూలు ఇంక్యుబేటర్‌లోనే హిఫ్-1 ఆల్ఫా కనబడుతుంది. అప్పుడు రెండు లేన్లూ ఒకేలా ఉంటాయి, అయితే ఈసారి 115 దగ్గర. 60 నుంచి 70 శాతం నిండినప్పుడు మొదలుపెట్టండి, రెండు స్థితుల్లోనూ ఒకే సాంద్రత, ఒకే లోతు ఉంచండి. అన్నట్టు, మామూలు ఇంక్యుబేటర్‌లో ఉండేది 21 శాతం కాదు. తేమ, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ చోటు తీసుకున్నాక సముద్రమట్టం దగ్గర 18.6 శాతం వరకు మిగులుతుంది. రాసేటప్పుడు అదే రాయడం నిజాయితీ.

చాంబర్ మీద అనుమానం తీరకపోతే పిమోనిడజోల్ పరీక్ష ఉంది. ఆక్సిజన్ పీడనం 10 మిల్లీమీటర్ల పాదరసం లోపుంటేనే ఇది ప్రోటీన్లకు అంటుకుంటుంది, 1 శాతమంటే సుమారు 7. కణాలకు అంటిందంటే ఆక్సిజన్ అక్కడిదాకా తగ్గినట్టే. జీఎఫ్‌పీ రిపోర్టర్‌తో మాత్రం పరీక్షించకండి. జీఎఫ్‌పీ వెలుగు రావడానికే ఆక్సిజన్ కావాలి కాబట్టి, దాదాపు ఆక్సిజన్ లేని చోట జన్యువు పనిచేస్తున్నా వెలుగు రాదు.

బ్లాట్‌బల్ల:

కోబాల్ట్ మీద పై మాటలతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

హైడ్రాక్సిల్ యాంటీబాడీ దండగ కాదు, కానీ మీ ప్రస్తుత ప్రశ్నకు అక్కర్లేదు. హైడ్రాక్సిల్ పడిన రూపం నిమిషాల్లో నాశనమవుతుంది కనుక మామూలు గాలి లేనులో ఏమీ కనబడదు, హైపాక్సియా లేనులో హైడ్రాక్సిల్ లేదు కనుక అక్కడా కనబడదు. చూడాలంటే హైడ్రాక్సిల్ పడనిచ్చి నాశనాన్ని మాత్రం ఆపాలి: ఎంజీ132, లేదా వీహెచ్‌ఎల్ జేబులో కూర్చునే వీహెచ్298, 100 మైక్రోమోలార్, 2 గంటలు. అప్పుడు మొత్తం హిఫ్-1 ఆల్ఫా, హైడ్రాక్సిల్ రూపం రెండూ వస్తాయి. డీఎంఓజీ లేనులో మొత్తం వస్తుంది, హైడ్రాక్సిల్ రాదు. ఏదైనా మందు పీహెచ్‌డీని ఆపుతోందా, లేక వీహెచ్‌ఎల్ తర్వాతి దశను ఆపుతోందా అని విడదీయాల్సి వచ్చినప్పుడు ఈ యాంటీబాడీకి సాటి లేదు.

యాంటీబాడీ నియంత్రణకు కణాల ఎంపికలో ఒక ఉచ్చు ఉంది. వీహెచ్‌ఎల్ లేని మూత్రపిండ క్యాన్సర్ కణాల్లో హిఫ్ ఎప్పుడూ నిలిచే ఉంటుందని 786-ఓ కణాలను పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టేవారున్నారు. వాటిలో ఉండేది హిఫ్-2 ఆల్ఫా మాత్రమే, హిఫ్-1 ఆల్ఫా లేదు. అంటే అవి మీకు మంచి నెగటివ్ కంట్రోల్. పాజిటివ్‌గా ఆర్‌సీసీ4 పెట్టండి, రెండూ మామూలు గాలిలోనే కనబడతాయి. వీహెచ్‌ఎల్ తిరిగి పెట్టిన ఆర్‌సీసీ4 పక్క లేనులో వేస్తే బ్యాండ్ మాయమవుతుంది.

జన్యుపటం:

ప్లాస్మిడ్ ప్రశ్నకు: సహజ రూపం సరిపోదు. పెట్టిన ప్లాస్మిడ్ మోతాదు ఎక్కువైతే నాశన యంత్రాంగం నిండిపోయి కొంత మిగులుతుంది, ఆ మిగిలేది ప్రతి ట్రాన్స్‌ఫెక్షన్‌లో మారుతుంది, పోల్చడానికి పనికిరాదు. 402, 564 రెండు ప్రోలీన్లనూ అలనీన్‌గా మార్చిన రూపం వాడండి. ఒక్కటే మార్చితే రెండోది చూసి వీహెచ్‌ఎల్ పట్టుకుంటుంది. ప్రోలీన్ కోడాన్లన్నీ సీసీతో, అలనీన్‌వన్నీ జీసీతో మొదలవుతాయి కాబట్టి ఒక్కోచోట మొదటి సీని జీగా మారిస్తే చాలు. సైట్ డైరెక్టెడ్ మ్యుటజెనిసిస్ ప్రైమర్‌లో మార్పును నడిమధ్యన పెట్టి అటు ఇటు 12 నుంచి 15 బేసులు ఉంచండి. ఒక మార్పు సీక్వెన్స్‌లో సరిచూసుకున్నాకే రెండోది మొదలుపెట్టండి. ప్రోటీన్ నిలబడితే చాలనుకుంటే ఈ రెండే చాలు. లక్ష్య జన్యువులు పూర్తి బలంతో లేవాలంటే 803వ ఆస్పరజీన్‌ను కూడా అలనీన్ చేయాలి, లేకుంటే మామూలు గాలిలో ఎఫ్‌ఐహెచ్ దాన్ని సగం కట్టేసి ఉంచుతుంది. ఆస్పరజీన్ నుంచి అలనీన్‌కు రెండు బేసులు మార్చాలి, ఏఏ స్థానంలో జీసీ.

చదువు చట్రం మొత్తం స్టాప్ కోడాన్‌తో కలిపి 2,481 బేసులు. మార్పులయ్యాక ఈ పొడవంతా సీక్వెన్స్ చేయించండి, కనీసం నాలుగు రీడ్లు పడతాయి. మీ క్లోన్‌లో 582వ ప్రోలీన్ సెరీన్‌గా గానీ, 588వ అలనీన్ థ్రియోనీన్‌గా గానీ కనబడితే అది పీసీఆర్ తప్పని వెంటనే పారేయకండి. రెండూ మనుషుల్లో సహజంగా ఉన్న తేడాలే. కాకపోతే ఆక్సిజన్‌తో నాశనమయ్యే భాగంలోనే ఉన్నాయి గనుక, పోల్చే క్లోన్లన్నీ ఆ చోట ఒకే రకంగా ఉండేలా చూసుకోండి. నియంత్రణగా ఖాళీ ప్లాస్మిడ్ ఒక్కటే పెట్టడం చాలదు, డీఎన్‌ఏకు అతుక్కునే బేసిక్ భాగం తీసేసిన రూపం కూడా పక్కన నడపండి. అది ఏఆర్‌ఎన్‌టీతో జతకడుతుంది గానీ లక్ష్య జన్యువుల దగ్గర హిఫ్-1 కూర్చునే ఏసీజీటీజీ, జీసీజీటీజీ వరుసలను పట్టుకోలేదు. దానితో కూడా సీఏ9 పెరుగుతుంటే, ఆ పెరుగుదల హిఫ్-1 జన్యువు మీద కూర్చోవడం వల్ల వచ్చింది కాదు.